రాయచూరు సీమలో సమాజాభివృద్ధి, పేదల గృహనిర్మాణము - ప్రభుత్వనిధుల క్షీణతపై ఒక విమర్శ

'ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు' అను సామెత తెలుగునాట ఎల్లరకును తెలిసినదే. ఇల్లు కట్టుటలోని కష్టము కట్టినవానికే తెలియునని దాని భావము. కాని ఆ సామెత, చేతిలో కొంత పైకమును కాలిక్రింద కొంత స్థలమును కలిగిన గృహస్థునుద్దేశించి పుట్టినది. ఆ రెండును లేనివాడు ఇల్లు కట్టి చూచుట యెట్లు? స్వాతంత్ర్యానంతరము ప్రభుత్వము ఈ ప్రశ్నకు తానే సమాధానము చెప్పబూనినది. నాటినుండి నేటివరకు 70 సంవత్సరములకు పైగా పథకముల పేర్లు మారినవి. శాఖల పేర్లు మారినవి. నిధులు వచ్చు త్రోవయు మారినది. మారిన ప్రతిసారియు పేదవాని వంతుకు వచ్చునది పెరిగినదా, తరిగినదా యనునది విచారింపవలసిన విషయము.

నిధుల తగ్గింపు అనగానే సామాన్యముగా బడ్జెట్టు పత్రములో నిన్నటి అంకె కంటె నేటి అంకె చిన్నదగుట స్ఫురించును. నిజమునకు అట్లు బాహాటముగా జరుగు తగ్గింపు అరుదు. అది నాలుగు రూపములలో వచ్చును. మొదటిది, పథకమును పూర్తిగా నిలిపివేయుట. రెండవది, ఒక ప్రభుత్వము తన భారమును మరియొక ప్రభుత్వముపై మోపుట. మూడవది, ధరలు పెరుగుచుండగా సహాయమును ఉన్నచోటనే నిలిపియుంచుట. నాలుగవది, అర్హత యను ద్వారమును ఇరుకు చేసి, సొమ్ము ఉన్నను అది చేరవలసినవానికి చేరకుండునట్లు చేయుట. మొదటిది మాత్రమే కంటికి కనబడును. తక్కిన మూడును కనబడవు. ఈ నాలుగు రూపములను ఒక్కచోట చూడదలచినవారికి కర్ణాటకములోని రాయచూరు జిల్లా కంటె మంచి ఉదాహరణము దొరకుట కష్టము.

సీమ స్వరూపము

ఉత్తరమున కృష్ణ, దక్షిణమున తుంగభద్ర - ఈ రెండు నదుల నడుమ నున్న అంతర్వేది రాయచూరు. విజయనగర, బహమనీ రాజ్యములు దీనికొరకు తరతరములు పోరాడినవి. 1853లో నిజాము దీనిని ఆంగ్లేయుల వశము చేసి, 1860లో తిరిగి పొందెను. 1956 నవంబరు 1 వరకు ఇది హైదరాబాదు రాష్ట్రములోని జిల్లా. రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణములో అలంపురము, గద్వాల తాలూకాలు తెలుగు రాష్ట్రమునకు వచ్చినవి. తక్కిన జిల్లా నాటి మైసూరు రాష్ట్రమున చేరినది. 1997లో కొప్పళ, గంగావతి మున్నగు తాలూకాలు విడిపోయి కొప్పళ జిల్లాగా ఏర్పడినవి. గీత గీయబడినంత మాత్రమున జనము చీలిపోలేదు. రాయచూరు పట్టణములోను, సరిహద్దు గ్రామములలోను తెలుగు నేటికిని ఇంటిభాషగా, అంగడిభాషగా నిలిచియున్నది.

1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తియై, ఎడమగట్టు కాలువలో నీరు పారసాగిన పిమ్మట ఈ జిల్లాకు మరియొక తెలుగు ప్రవాహము వచ్చినది. కోస్తా జిల్లాల రైతులు సింధనూరు, మాన్వి, గంగావతి ప్రాంతములలో మెట్టభూములను కొని, వరిమళ్లుగా మార్చిరి. వారు పొలముల ప్రక్కనే వేసికొన్న నివాసములకు 'క్యాంపు'లను పేరు స్థిరపడినది. తాత్కాలికతను సూచించు ఆ మాట మూడు తరములు గడచినను మారకపోవుట గమనింపదగినది. క్యాంపులలో భూస్వాములే కాక, వారితో వచ్చినవారును, చుట్టుప్రక్కల నుండి చేరినవారును అగు కూలిజనమును కలరు. ధనికుల మేడలను చూచి క్యాంపులన్నియు సంపన్నములని తలచుట పొరపాటు.

ఈ జిల్లా దేశమునకు ఇచ్చునది స్వల్పము కాదు. హట్టి గనులనుండి బంగారము, శక్తినగరము నుండి విద్యుత్తు, కాలువ క్రింద నుండి బియ్యము వెలుపలికి పోవుచున్నవి. అయినను 2002లో నివేదిక సమర్పించిన డాక్టరు నంజుండప్ప సమితి, రాష్ట్రములోని 39 తాలూకాలను అత్యంత వెనుకబడినవిగా గుర్తించగా, వానిలో 21 నాటి గుల్బర్గా విభాగములోనివే. రాయచూరు జిల్లాలోని దేవదుర్గము వానిలో ఒకటి. 2018లో కేంద్రప్రభుత్వము దేశమంతట ఎంచిన 'ఆకాంక్షల జిల్లా'లలో కర్ణాటకమునుండి చోటుచేసికొన్నవి రాయచూరు, యాదగిరి మాత్రమే. ఇచ్చుటలో ముందును, పొందుటలో వెనుకను నిలిచిన సీమ ఇది. ఇట్టిచోట ప్రభుత్వధనమే పేదలకు ప్రధానమగు ఆధారము. కావున దానియందలి ప్రతి హెచ్చుతగ్గును ఇచ్చట బ్రదుకుల హెచ్చుతగ్గుగనే పరిణమించును.

తొలి ప్రయత్నము: ఉత్సాహము, క్షీణత

1952 అక్టోబరు 2న దేశమున 55 కమ్యూనిటీ ప్రాజెక్టులు ప్రారంభింపబడినవి. మరుసటి సంవత్సరము అదే దినమున జాతీయ విస్తరణ సేవ ఆరంభమైనది. గ్రామీణ ప్రాజెక్టు ఒక్కొక్కదానికి మొదట వేసిన అంచనా సుమారు 65 లక్షల రూపాయలు. వ్యవసాయము, త్రాగునీరు, బాటలు, విద్య, ఆరోగ్యము, గృహవసతి - వీని నన్నిటిని ఒక్కచేతి మీదుగా, ప్రజల శ్రమదానముతో సాధింపవలెనని ఆశయము. గ్రామసేవకుడు ఆ యాశయమునకు ప్రతినిధి.

కాని విస్తరణ వేగము ధనబలమును మించినది. దేశమంతట బ్లాకులు నెలకొల్పవలెనను తొందరలో ఒక్కొక్క బ్లాకునకు వచ్చు మొత్తము పలుచబడినది. 1958లో సవరింపబడిన పద్ధతి ననుసరించి మొదటి దశయైన 5 సంవత్సరములకు 12 లక్షలు, రెండవ దశయైన 5 సంవత్సరములకు 5 లక్షలు మాత్రమే నిర్ణయింపబడినవి. మొదటి 5 సంవత్సరములలో ప్రజలు తమ కాళ్లపై తాము నిలువగలరనియు, అటుపై ప్రభుత్వము చేయూత తగ్గింపవచ్చుననియు దీనిలోని ఊహ. సారవంతమైన డెల్టా గ్రామమునకు ఈ యూహ కొంతవరకు చెల్లవచ్చును. కరువును తాతముత్తాతల నుండి అనుభవించుచున్న దేవదుర్గము, లింగసుగూరు గ్రామములకు ఇది చెల్లునని నమ్ముటకు ఆధారము లేదు. బిడ్డ నడక నేర్చినదో లేదో చూడక, ఏడాది నిండినదని చేయి విడుచుట వంటిది ఈ పద్ధతి.

1957లో బల్వంతరాయ్ మెహతా సమితి ఈ లోపమును వేరొక కోణమునుండి గుర్తించినది. ప్రజలెన్నుకొన్న సంస్థల చేతికి అధికారమును ధనమును ఒప్పగింపనిదే అభివృద్ధి ప్రజలది కాజాలదని ఆ సమితి నిర్ణయము. పంచాయతీరాజ్యము దాని ఫలము. కాని సంస్థలు నిలిచినవి, ధనము నిలువలేదు. 1956లో ఎస్.కె. డే నాయకత్వమున ప్రత్యేకముగా ఏర్పడిన సమాజాభివృద్ధి మంత్రిత్వశాఖ 1966లో ఆహార, వ్యవసాయ శాఖలో విలీనమైనది. ఆహారసంక్షోభము తీవ్రమైన ఆ దినములలో ధాన్యోత్పత్తికి ప్రాధాన్యము లభించుట సహజమే. అయినను, నాడు మూలకు చేరిన 'సమాజాభివృద్ధి' యను మాట మరల మునుపటి స్థానమునకు రాలేదు.

గృహనిర్మాణ పథకముల వంశక్రమము

సమాజాభివృద్ధి ఉద్యమములో భాగముగా 1957లో గ్రామీణ గృహనిర్మాణ పథకము పుట్టినది. వ్యక్తులకును సహకార సంఘములకును ఇల్లొక్కంటికి 5,000 రూపాయల వరకు అప్పు ఇచ్చుట దాని విధానము. ఐదవ ప్రణాళిక ముగియునాటికి దేశమంతటను దీనిక్రింద నిర్మింపబడినవి సుమారు 67,000 ఇండ్లు మాత్రమే. అప్పు తీర్చగలవానికే అప్పు లభించును గనుక, ఇల్లు లేని నిరుపేద ఈ పథకపు గుమ్మము తొక్కజాలకపోయెను. నాల్గవ ప్రణాళికలో ఇంటిస్థలములకును నిర్మాణసహాయమునకును ఉద్దేశింపబడిన మరియొక పథకము వచ్చినది. 1974-75లో అది రాష్ట్రముల కప్పగింపబడినది. కేంద్రము ఆరంభించుట, కొంతకాలమునకు రాష్ట్రములపై మోపుట యను సంప్రదాయమునకు ఇది తొలి మచ్చు.

1985లో ఇందిరా ఆవాస యోజన గ్రామీణోపాధి పథకములో అంతర్భాగముగా వెలసి, 1996లో స్వతంత్ర పథకమైనది. అప్పు స్థానమున గ్రాంటు ఇచ్చుట దీని గొప్ప మార్పు. దళితులకు, గిరిజనులకు, వెట్టిచాకిరి నుండి విముక్తులైనవారికి ఇది తొలిసారిగా నిజమైన ఆశ కల్పించినది. 2016లో దీని స్థానమున ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస యోజన వచ్చినది. రాష్ట్రము తన వంతుగా 1990ల మొదటనే ఆశ్రయ పథకమును, 2000లో రాజీవ్ గాంధీ గ్రామీణ వసతి నిగమమును, అటుపిమ్మట బసవ వసతి యోజనను నెలకొల్పినది. వీనివలన వేలాది కుటుంబములు గట్టికప్పు క్రిందికి వచ్చినవి. ఈ మేలును మరచి చేయు విమర్శ న్యాయమైనది కాదు. అయితే మేలు జరిగినదని ఒప్పుకొనుట వేరు. జరుగవలసినంత జరిగినదని ఒప్పుకొనుట వేరు.

నిలిపివేత: వెనుకబడిన ప్రాంతముల గ్రాంటు నిధి

తగ్గింపు యొక్క మొదటి రూపమునకు వెనుకబడిన ప్రాంతముల గ్రాంటు నిధి చరిత్ర స్పష్టమైన నిదర్శనము. 2006-07లో కేంద్రప్రభుత్వము 250 జిల్లాలను ఎంచి ఈ నిధిని ఆరంభించినది. కర్ణాటకమునుండి బీదరు, గుల్బర్గా, రాయచూరు, చిత్రదుర్గము, దావణగెరె ఇందులో చేరినవి. నదికి ఆవలి గట్టున నున్న మహబూబ్‌నగరము, దక్షిణముననున్న అనంతపురము సైతము ఈ జాబితాలోనివే. జిల్లాకు ఏటా కనీసము 10 కోట్ల రూపాయలు. ఆపై జనసంఖ్యను వైశాల్యమును బట్టి అదనపు భాగము. ఈ ధనమునకు ముందుగా కట్టుబాట్లు లేవు. గ్రామసభ తన లోటేదో తాను చెప్పవలెను. పంచాయతీ దానిని ప్రణాళికగా వ్రాయవలెను. జిల్లా ప్రణాళికా సంఘము అన్నిటిని కూర్చవలెను. ఇతర పథకములు పూరింపలేని గుంటను పూరించుట దీని ప్రయోజనము. ఒక ఊరికి పాఠశాలగది కావలెను. మరియొక ఊరికి కాలనీకి పోవు బాట కావలెను. వేరొక ఊరికి నీటితొట్టి కావలెను. ఢిల్లీలో వ్రాసిన పథకము ఈ తేడాను గుర్తింపజాలదు.

ఈ నిధి అమలులో లోపములు లేకపోలేదు. ప్రణాళికలు ఆలస్యముగా పోవుట, ఖర్చు పత్రములు అందక తరువాతి వాయిదాలు ఆగుట, గ్రామసభ పేరున కొందరు పెద్దలే నిర్ణయించుట - ఇవి అనేక ప్రాంతములలో కనిపించిన దోషములు. దోషమును దిద్దుట ఒక మార్గము. పథకమునే ఎత్తివేయుట మరియొక మార్గము. 2015-16 బడ్జెట్టులో కేంద్రము రెండవ మార్గమునే యెన్నుకొన్నది. కేంద్రసహాయము నుండి వేరుచేయబడిన 8 పథకములలో ఈ నిధియు ఒకటి. కనీసభాగమైన 10 కోట్లను మాత్రమే లెక్కించినను, పథకము కొనసాగియున్నచో పది సంవత్సరములలో జిల్లాకు 100 కోట్లు వచ్చియుండెడివి.

దీనికి కేంద్రము చెప్పిన కారణము త్రోసిపుచ్చదగినది కాదు. 14వ ఆర్థిక సంఘము కేంద్ర పన్నులలో రాష్ట్రముల వాటాను నూటికి 32 నుండి 42కు పెంచినది. రాష్ట్రములకు స్వేచ్ఛగా వాడుకొను ధనము పెరిగినప్పుడు, పథకములను రాష్ట్రములే నడుపుకొనవచ్చునన్నది వాదము. అంతేకాక గ్రామపంచాయతీలకు 2015-20 మధ్యకాలమునకు 2,00,292 కోట్ల గ్రాంటును ఆ సంఘము సిఫారసు చేసినది. సమాఖ్య ధర్మము దృష్ట్యా ఇది మెచ్చదగిన మార్పే.

కాని ఈ వాదమున ఒక కీలకమైన దూరము దాటవేయబడినది. రాష్ట్రము చేతికి వచ్చిన ధనము వెనుకబడిన జిల్లా చేతికి వచ్చినట్లు కాదు. పంచాయతీల గ్రాంటును రాష్ట్రముల నడుమ పంచుటలో జనసంఖ్యకు నూటికి 90 వంతులు, వైశాల్యమునకు 10 వంతులు ప్రాధాన్యము ఇవ్వబడినది; వెనుకబాటునకు ఆ లెక్కలో చోటు లేదు. గ్రాంటు నిధి పుట్టుకకే వెనుకబాటు కారణము కాగా, దాని స్థానమున వచ్చినదానికి ఆ కారణమే లేకపోయెను. అటుపై 15వ ఆర్థిక సంఘము నాటికి రాష్ట్రముల వాటా 41కి తగ్గినది. అందును కర్ణాటకపు భాగము 4.713 నుండి 3.647కు పడిపోయినది. పథకము పోవుటకు సాకుగా చూపబడిన పెంపు కొన్ని సంవత్సరములలోనే ఈ రాష్ట్రమునకు కరిగిపోయినది. పోయిన పథకము మాత్రము తిరిగి రాలేదు.

భారపు బదలాయింపు, నిలిచిపోయిన మొత్తము

రెండవ రూపము గృహనిర్మాణములో కనబడును. ఇందిరా ఆవాస యోజనలో కేంద్రము నూటికి 75, రాష్ట్రము 25 భరించెడివి. 2015 పిమ్మట ఇది 60, 40గా మారినది. మైదానప్రాంతములో ఇంటికి సహాయము 1,20,000 రూపాయలు. పాత నిష్పత్తి ప్రకారము కేంద్రపు వంతు 90,000 కావలెను. కొత్త నిష్పత్తిలో అది 72,000. ఇంటికి 18,000 రూపాయలు రాష్ట్రముపై అదనముగా పడినది. వేయి ఇండ్లకు ఇది ఒక కోటి 80 లక్షలు. రాష్ట్రఖజానాలో సొమ్ము సకాలమున లేనిచో లబ్ధిదారునికి వాయిదా ఆగును. పునాది వేసి, గోడలు లేపి, కప్పునకై ఎదురుచూచు ఇల్లు వర్షములో నానును. అప్పుడు అప్పు తెచ్చి కప్పు వేయుటయో, వలస పోవుటయో తప్ప యజమానికి వేరు గతి లేదు. వాటాల మార్పు కాగితము మీద ప్రభుత్వముల నడుమ వ్యవహారము. దాని ఫలము మాత్రము కప్పులేని గోడల నడుమ అనుభవింపబడును.

మూడవ రూపము మరింత మౌనమైనది. 2016లో నిర్ణయింపబడిన 1,20,000 రూపాయల సహాయమే, 2024లో మరి 2 కోట్ల ఇండ్లకు అనుమతి యిచ్చినప్పుడును నిలుపబడినది. లెక్కకై ఏటా ధరలు నూటికి 5 వంతున పెరిగినవనుకొన్నచో, 9 సంవత్సరములకు ఆ 1,20,000 యొక్క విలువ మొదటి సంవత్సరపు ధరలలో సుమారు 77,000 మాత్రమే యగును. ఏ శాసనసభయు ఈ తగ్గింపును చర్చింపలేదు. ఏ మంత్రియు దీనిని ప్రకటింపలేదు. ఇంటి కనీస వైశాల్యమును 20 నుండి 25 చదరపు మీటర్లకు పెంచినవారు, దానిని కట్టుటకగు ధనము ఏటేట కరగుటను మాత్రము చూచియుండలేదు.

ఇందులో రాయచూరునకు ప్రత్యేకమగు అన్యాయము ఒకటి కలదు. కొండప్రాంతములకు సహాయము 1,30,000 రూపాయలు. మైదానమున కంతయు 1,20,000. కాని మైదానమంతయు ఒక్కటి కాదు. ఈ జిల్లాలో విస్తారమైన నల్లరేగడి నేల వానకు ఉబ్బును, ఎండకు కుంచించుకొని బారలు విచ్చును. లోతు తక్కువ పునాదిపై లేచిన గోడ రెండు మూడు ఋతువులలోనే బీటలు వారును. గట్టినేల తగులువరకు త్రవ్వి, మొరము నింపి, పునాది వేయవలెనన్నచో, ఎఱ్ఱనేలలో ఇల్లు కట్టువానికి లేని వ్యయము నల్లనేలలో కట్టువానికి తప్పదు. కొండకు అదనము ఇచ్చిన నీతి నల్లరేగడికి వర్తింపకపోవుటకు హేతువు కానరాదు. ధనమంతయు నేలలోపలనే ఖర్చయిన పిమ్మట నేలపైని ఇంటికి మిగులునదెంత?

ఇరుకైన ద్వారము

నాల్గవ రూపము అర్హతకు సంబంధించినది. ఇంటికి సహాయము కావలెనన్నచో స్థలముపై హక్కుపత్రము కావలెను; స్థలమునకు హక్కుపత్రము కావలెనన్నచో ఆ యూరు రెవెన్యూ లెక్కలలో ఊరు కావలెను. లంబాడీల తాండాలు, గొల్లహట్టులు, కాలువవెంట వెలసిన క్యాంపులు చిరకాలము లెక్కలకు వెలుపలనే యుండిపోయినవి. ప్రజలున్నారు, ఓట్లున్నవి, పాఠశాలయు ఉండవచ్చును. కాని ఊరు మాత్రము కాగితముపై లేదు. అట్టివాని నివాసము మరియొకరి సర్వే నంబరులోనో, ప్రభుత్వపు బంజరులోనో ఉండును. బడ్జెట్టులో ఎంత సొమ్మున్నను వారికి చేరు త్రోవ లేదు.

ఈ లోపమును దిద్దుటకు రాష్ట్రప్రభుత్వము చట్టములను సవరించి, ఇట్టి ఆవాసములను రెవెన్యూ గ్రామములుగా ప్రకటింప నారంభించినది. 2023 జనవరి 19న కలబురగి జిల్లాలోని మళఖేడమున కలబురగి, యాదగిరి, రాయచూరు, బీదరు, విజయపుర జిల్లాలకు చెందిన 50,000కు పైగా కుటుంబములకు హక్కుపత్రములు పంచబడినవి. సుమారు 1,475 లెక్కకెక్కని ఆవాసములు కొత్తగా రెవెన్యూ గ్రామములైనవి. ఇది ప్రశంసింపదగిన కార్యము. ఖజానాపై ఇంటిగ్రాంటుతో పోల్చదగిన భారము లేకయే ఎంత మేలు చేయవచ్చునో ఇది చూపుచున్నది. అయితే హక్కుపత్రము ఇంటికి తొలిమెట్టు మాత్రమే. హక్కుపత్రము చేతికి వచ్చి, గృహసహాయము చేతికి రాకున్నచో, ఆ కుటుంబము అప్పులవాని యొద్ద ఆ పత్రమునే తాకట్టు పెట్టు ప్రమాదమును కలదు.

2009 సెప్టెంబరు, అక్టోబరు మాసములలో కృష్ణా తుంగభద్రలు పొంగి రాయచూరునకును, ఆవలి గట్టున కర్నూలు మంత్రాలయములకును మహోపద్రవము తెచ్చినప్పుడు, కర్ణాటక ప్రభుత్వము దాతల తోడ్పాటుతో 'ఆసరె' పేర పునరావాస గృహములను కట్టించబూనెను. ఆపత్కాలమున దాతృత్వము గొప్ప గుణమే. కాని దానము దాత యిష్టమును బట్టి వచ్చును. హక్కు పౌరుని అవసరమును బట్టి రావలెను. వరద వచ్చినప్పుడు మాత్రమే పేదవాని యిల్లు లోకమునకు కనబడుట ఆరోగ్యకరమైన స్థితి కాదు.

ప్రతివాదము, పరిశీలన

ఇచ్చట ఒక ప్రతివాదమునకు సమాధానము చెప్పవలసియున్నది. రాజ్యాంగపు 98వ సవరణచే 371-జె అధికరణము ఏర్పడి, 2013లో హైదరాబాదు కర్ణాటక ప్రాంతాభివృద్ధి మండలి నెలకొల్పబడినది. 2019లో ఈ ప్రాంతము కల్యాణ కర్ణాటకమను పేరు పొందినది. మండలికి కేటాయింపు 2022-23లో 3,000 కోట్లకును, ఆ మరుసటి సంవత్సరము 5,000 కోట్లకును పెంచుచున్నట్లు ప్రభుత్వము ప్రకటించినది. ఇంత ధనము వచ్చుచుండగా నిధులు తగ్గినవనుట ఎట్లు చెల్లునని ప్రశ్నింపవచ్చును.

ఈ ప్రశ్న సహేతుకమైనది. సమాధానము, మొత్తములో కాక స్వభావములో కలదు. ప్రకటించిన కేటాయింపు, విడుదలయైన మొత్తము, నిజముగా ఖర్చయిన మొత్తము - ఇవి మూడు వేరువేరు అంకెలు. విమర్శకుడు చూడవలసినది మూడవదానినే. అంతకంటె ముఖ్యమైనది, నిర్ణయించువా రెవ్వరు అనునది. గ్రాంటు నిధి గ్రామసభ నుండి పైకి ఎక్కుటకు ఉద్దేశింపబడినది. మండలి ధనము పైనుండి క్రిందికి దిగునది. పెద్ద భవనములకు, పెద్ద బాటలకు అది తగియుండవచ్చును. కాలనీ చివరి వీధిలోని మురుగుకాలువకు, క్యాంపు కూలిల బావికి దాని దృష్టి చేరుట కష్టము. ఆ దృష్టిని చేర్పగల జిల్లాపంచాయతీ, తాలూకాపంచాయతీలకు 2021లో కాలపరిమితి ముగిసిన పిమ్మట ఏండ్ల తరబడి ఎన్నికలు జరుపబడకపోవుట ఈ లోపమును రెట్టింపు చేసినది. పంచాయతీ సంస్థలకు దేశమునకు మార్గము చూపిన కర్ణాటకమున ఇట్లు జరుగుట శోచనీయము. ఈ తప్పు ఢిల్లీది కాదు, బెంగుళూరుది. ధనము తగ్గించుట ఒక లోపము. ఉన్న ధనముపై ప్రజల మాటను తగ్గించుట అంతకు తీసిపోని లోపము.

కర్తవ్యము

పై పరిశీలనము వలన కొన్ని నిర్ణయములు తేలుచున్నవి. ఒకటి, ఏ పథకమునైనను నిలుపునప్పుడు దాని స్థానమున వచ్చు ధనము అదే ప్రజలకు చేరునని లెక్కతో చూపవలెను. రెండు, గృహసహాయమును ధరల సూచిక ననుసరించి నియతకాలమున సవరింపవలెను. నల్లరేగడి ప్రాంతములకు పునాది నిమిత్తము అదనపు మొత్తము చేర్పవలెను. మూడు, కేంద్రరాష్ట్రముల వాటాల తగవు తీరువరకు లబ్ధిదారుని వాయిదా ఆగకుండు ఏర్పాటు ఉండవలెను. నాలుగు, లెక్కకెక్కని క్యాంపులను, తాండాలను గుర్తించు పని పూర్తియగువరకు సాగవలెను. ఐదు, జిల్లా ప్రణాళికా సంఘములో ప్రజాప్రతినిధులకు స్థానము ఖాళీగా ఉండరాదు.

ఈ విషయమున తెలుగు సంఘములకును ఒక బాధ్యత కలదు. రాయచూరు సీమలోని తెలుగువారు భాషను, పండుగలను, నాటకములను శ్రద్ధతో కాపాడుకొనుచున్నారు. కాని క్యాంపులోని కూలికి ఇంటిస్థలము లేకున్నచో ఆ భాష మాటాడు బిడ్డ రేపు ఏ పట్టణపు పాకలో పెరుగునో చెప్పజాలము. ఈ కొరత తెలుగువానికి ప్రత్యేకమైనది కాదు. కన్నడ దళితవాడలో, లంబాడీ తాండాలో, సింధనూరు బెంగాలీ శరణార్థుల కాలనీలో అదే కొరత కలదు. వలసవచ్చినవారమని వెనుకకు తగ్గుటయు, మా వారికే కావలెనని ముందుకు దూకుటయు రెండును తగవు. గ్రామసభలో ఇరుగుపొరుగుతో కలిసి కూర్చుండి, ఏ పథకము క్రింద ఎంత వచ్చినది, ఎంత ఖర్చయినది, ఎవరికి చేరలేదు అని అడుగుటయే తగిన మార్గము. చదువుకొన్నవారు సంఘముల పక్షమున ఈ లెక్కలను తెలుగులోను కన్నడములోను వ్రాసి ప్రజల ముందుంచిన యెడల అది ఏ సన్మానసభకును తీసిపోని భాషాసేవ యగును.

1952లో గ్రామసేవకుడు ఊరికి వచ్చినప్పుడు ప్రభుత్వము తన గుమ్మము వద్దకు వచ్చినదని పల్లె సంతసించినది. నాటినుండి ఎన్నో పథకములు ఆ గుమ్మము దాటిపోయినవి. గుమ్మమే లేనివాని సంగతి ఇంకను మిగిలియున్నది. ప్రభుత్వములు తమ వ్యయమును తగ్గించుకొనునప్పుడు మొట్టమొదట ఎవరి వంతు తగ్గుచున్నదో చూచుకొనుట పాలకధర్మము, చూపించుట పౌరధర్మము. ఈ రెండవ ధర్మమును గూర్చి రాయచూరు సీమలోని పెద్దలును, యువకులును శ్రద్ధతో ఆలోచింతురుగాక.